కేసింగు పైపు రంగు

హత్తాల బస్సు దిగంగనే
లింబాద్రి నా సంచి గుంజుకున్నడు.
ఆరేండ్ల తర్వాత కలిసినోడు
మొదలు అడిగిన మాట,
"బోరు బండి అమ్మినవా?"

అమ్మలేదు.
మొన్ననే మెట్‌పల్లి అవతల
ఏడు వందల ఫీట్లు దిగితే
తెల్లటి పిండి లేచి నా కనురెప్పల మీద కూసున్నది.
ఆ సంగతి చెప్పలె.
"నడుస్తంది" అన్న.

దారి పొడుగునా గుట్టలు.
చెట్టు లేదు, గడ్డిపోస లేదు,
ఆవం ఆరినంక మిగిలిన ఇటుకల లెక్క.
నేను రాయి ఎరిగినోణ్ణి.
బిట్టు కింద అది పలికే తీరుతోటి
తడి ఎంత దూరమో చెప్తమంటం మేము.
చెప్తం. మాకూ తెల్వది.
ఈ గుట్టల్ని చూసి లోపల్లోపల అనుకున్న:
ఇక్కడ బోరెయ్యమని ఎవడన్న పిలిస్తే
అడ్వాన్సు వాపసిచ్చి ఇంటికి పోత.

అప్పుడు దారి మలిగింది.

నీళ్లు.

ఊకెనే, నీళ్లు.
మోటరు చప్పుడు లేదు,
రాత్రి రెండింటికి కరెంటొస్తదని
టార్చిలైటు పట్టుకొని కూసున్నోడు లేడు.
అంత రాతి నడుమ
కడుపు నిండినోళ్ల తీరు పండుకొని ఉన్నయి.
గుట్టలు తలకిందులై లోపలికి దిగినయి,
ఒక్క కేసింగూ లేకుండ.

ఎంత సేపు నిలబడ్డనో తెల్వది.
"ఏందిరా, గుడిల నిలబడ్డట్టు నిలబడ్డవ్" అన్నడు వాడు.

రంగు చెప్పమంటే నాకు రాదు.
చదువుకున్నోళ్లు నెమలి మెడ అంటరేమో.
నాకు ఎరుకైన దాంట్ల దగ్గరిది ఒక్కటే,
కొత్త కేసింగు పైపు
కట్టు విప్పి ఎండల పరిచినప్పటి రంగు.

ఆ పైపులే మూడు సార్లు దించిన లింబాద్రి చెల్కల,
మూడు సార్లు గుంజిన.
మూడోదానికి వాళ్ల అవ్వ పుస్తెలతాడు కుదువ వడ్డది.
బండి ఆపుదామని వాడన్నప్పుడల్లా
నేనే అన్న,
"ఇంకో యాభై ఫీట్లు పోదాం."
ఆ యాభై, మళ్లా యాభై, మళ్లా యాభై,
లెక్క నా డైరీల ఇంకా ఉన్నది.
కింది నుంచి దుబ్బ తప్ప ఏం రాలె.
ఆ దుబ్బే వాణ్ణి లేపి
ఈడ పడేసింది.

ఇప్పుడు వాడి పని పడవలు కడుగుడు.
పసుపుపచ్చ జాకెట్లు తాడు మీద ఆరేస్తడు,
పొద్దంతా, వచ్చినోళ్ల నడుముకు బక్కిళ్లు పెడ్తడు.
ఆరబ్బీల, హిందీల, మలయాళంల
"నిలబడొద్దు, కూసో" అనుడు వచ్చు వాడికి.
ఈత రాదు.
"ఎవనికి చెప్పకు" అని నవ్విండు.

ఎంత లోతుంటదిరా అని అడిగిన.
వాడు నా మొకం చూసిండు.
బోరోడు అడగకపోతే ఇంకెవడు అడుగుతడు అన్నట్టు
చాలా సేపు చూసి, తల తిప్పుకున్నడు.

మాపటీలి, జనం పోయినంక,
సూపర్‌వైజరు బంగ్లాదేశాయనకు
నేను తెచ్చిన కారప్పూస పొట్లమొకటి చేతుల వెట్టి
నన్ను పడవల ఎక్కిచ్చిండు.
తెడ్డు నీళ్లల్ల ముంచితే చప్పుడే లేదు.
గుట్టల నీడ మా మీదికి వచ్చింది, చల్లగ.
చెయ్యి ముంచిన.
నీళ్లు వేళ్ల సందుల్లకెళ్లి
తమ పని మీద తాము పోయినయి.

పోదామా ఇగ, వాపసు, అన్న నేను.
వెనక కూసున్నోడు తెడ్డు ఆపలె.

"ఇంకో యాభై ఫీట్లు పోదాం" అన్నడు లింబాద్రి.

నవ్వాలెనో, ఏం జెయ్యాలెనో.
వాడైతే నవ్వుతుండు,
పడవ ఊగుతంది వాడి నవ్వుకు.
నేను వెనకకు తిరగలేదు.
రెండు చేతులతోటి అంచు పట్టుకొని
ముంగట, గుట్ట మొదట్ల,
నీళ్లు రాతిని నాకుతున్న గీతనే చూస్తున్న.

"తిరుగురా" అన్నడు,
"ఈత రానోళ్లం ఇద్దరమున్నం,
నువ్వు గట్ల కదలకుండ కూసుంటే
నాకు భయమైతంది."